బొమ్మరింటికి కరెంటు బిల్లు

*ప్రోగ్రామింగ్ కంటికి కనపడదు. కరెంటూ అంతే. తెరమీద ఒక ఇల్లు కట్టి ఈ రెండింటినీ అందులో పెడితే, పన్నెండేళ్ల పిల్లకు రెండూ ఒకేసారి కనపడతాయి.*

ఖమ్మంలో మే నెల మధ్యాహ్నం. కూలరు ఎదురుగా చాప పరుచుకుని మా మేనకోడలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఏడో తరగతిలోకి వెళ్లబోతోంది. తెరమీద చదరపు దిమ్మెలతో కట్టిన ఇల్లు ఉంది. రెండు గదులు, వంటిల్లు, ముందు వసారా. వసారా గోడకు ఒక బోర్డు తగిలించి, దానిమీద ‘ఈ నెల బిల్లు’ అని రాసుకుంది. ఇంతసేపూ దాని పక్కన సున్నా ఉంది. ఇప్పుడు సున్నా పోయి రూపాయల అంకె వచ్చింది.

“మామయ్యా, నీవల్లే! ల్యాప్‌టాప్ కలపమన్నావ్. మా ఇంటికి బిల్లు వచ్చేసింది చూడు.”

నిజమే, కలపమన్నది నేనే. ఆ ఇంట్లో ఫ్యాన్లు, కూలరు, ఫ్రిజ్, టీవీ, నీళ్ల మోటారు అన్నీ ఉన్నాయి. ఒక్కోదానికి ఒక స్విచ్చు, దాని వెనక ఆమె రాసిన నాలుగు వరసల ప్రోగ్రాం. ఏ వస్తువు ఎన్ని వాట్లు, రోజుకు ఎన్ని గంటలు అన్నది అక్కడే రాసి ఉంది. ఇంత చేసిన పిల్ల, తను వాడుతున్న ల్యాప్‌టాప్‌ను మాత్రం లెక్కలో వేసుకోలేదు. అడిగితే వెంటనే కలిపింది: 50 వాట్లు, రోజుకు 4 గంటలు, నెలకు 6 యూనిట్లు. దాంతో మొత్తం 193.8 నుంచి 199.8 అయింది. బిల్లులో యూనిట్లు పూర్ణాంకాల్లోనే ఉంటాయని దాన్ని రౌండుగా 200 చేసేలా ప్రోగ్రాం రాసుకుంది. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హులైన ఇళ్లకు 2024 మార్చి నుంచి 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. ఒక్క యూనిట్ దాటినా బిల్లు మొత్తం కట్టాల్సిందే. ఈ ముక్క వాళ్లింట్లో అందరికీ తెలుసు. పన్నెండేళ్ల పిల్లకు ఇంకా బాగా తెలుసు.

మరి 200కి బిల్లెందుకు పడింది? అరగంట వెతికింది. ఫ్యాన్ల వాట్లు చూసింది, గంటలు చూసింది, కూడిక మళ్లీ చేసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి దొరికింది. ‘యూనిట్లు 200 కంటే తక్కువైతే బిల్లు సున్నా’ అని రాసింది. రాయాల్సింది ‘200 వరకు ఉంటే’ అని. పోలిక గుర్తు కింద ఒక చిన్న గీత పెట్టగానే బోర్డుమీద మళ్లీ సున్నా వచ్చింది. ఆ పిల్ల చాపమీద నుంచి లేచి గంతులేసింది.

గుమ్మంలో కూర్చుని చింతపండు ఒలుస్తున్న అమ్మ అడిగింది: “ఆట ఇంటికి కూడా బిల్లేమిటే?”

“ఇది ఆట కాదమ్మమ్మా, మన ఇల్లే.”

‘కంటే తక్కువ’, ‘వరకు’ అన్న రెండు మాటల మధ్య జారిపడటం ప్రోగ్రామర్లకు మొదటి నుంచీ ఉన్న బాధ. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లూ అక్కడ తప్పు చేస్తారు. నేను ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఆ తేడాను నల్లబల్లమీద రాసి చూపించారు. పరీక్ష దాకా గుర్తుంది. ఈ పిల్లకు మాత్రం అది వాళ్లమ్మ పర్సులో డబ్బు. మర్చిపోతుందని నేననుకోను.

కనపడని రెండు

మన కాలేజీల్లో ప్రోగ్రామింగ్ మొదటి ఏడాది ఎలా గడుస్తుందో చదివినవాళ్లందరికీ తెలుసు. ప్రధాన సంఖ్యలు కనుక్కోవడం, ఫిబొనాచీ వరుస, అంకెల్ని తిరగేసి రాయడం. ల్యాబ్ పరీక్షకు పదిహేను ప్రోగ్రాములు బట్టీ పట్టడం. నేనూ అలాగే పట్టాను. వచ్చిన జవాబు తప్పో ఒప్పో చెప్పడానికి లెక్చరర్ కావాలి, ఎందుకంటే ఆ జవాబుతో మా బతుకులకు ఏ సంబంధమూ లేదు. నలుపు తెరమీద తెల్లటి అంకె వస్తుంది, రికార్డులో రాసుకుంటాం, సంతకం పెట్టించుకుంటాం. తప్పు రాస్తే ఎవరి ఇల్లూ చీకటి కాదు. సరిగ్గా రాస్తే ఎక్కడా దీపం వెలగదు.

కరెంటుదీ అదే తంతు. బియ్యం డబ్బా ఖాళీ అవుతుంటే కనపడుతుంది. గ్యాస్ బండను కదిపి చూస్తే తెలుస్తుంది. కరెంటు మాత్రం నెలంతా నిశ్శబ్దంగా ఖర్చయి, ఒకరోజు బిల్లు కొట్టే అబ్బాయి చేతి మిషన్‌లోంచి పొడుగాటి కాగితంగా బయటికొస్తుంది. ఆ కాగితంలో ఫ్యాను ఎంత తిన్నదో ఉండదు, గీజరు ఎంత తాగిందో ఉండదు. ఒకే అంకె. ఆ అంకె చూసి ఇంట్లో ఒకర్నొకరు అనుకోవడమే.

అమెరికా రచయిత్రి డొనెల్లా మెడోస్ ‘థింకింగ్ ఇన్ సిస్టమ్స్’లో ఒక సంగతి రాసింది. ఆమె మరణం తర్వాత 2008లో వచ్చిన పుస్తకం అది. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర ఒకే రకంగా కట్టిన ఇళ్లు. కొన్నింట్లో కరెంటు మీటరు నేలమాళిగలో పెట్టారు, కొన్నింట్లో వీధిగుమ్మం దగ్గరి హాల్లో పెట్టారు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ మీటరు కంటపడే ఇళ్లలో వాడకం మూడో వంతు తక్కువగా ఉందట. చట్టం చేయలేదు, జరిమానా వేయలేదు. కనపడేలా పెట్టారంతే.

తెరమీద కట్టే ఇల్లు చేసేదీ ఇదే. మీటరును తెచ్చి పిల్లల కళ్లముందు పెడుతుంది. ఇంకో మెట్టు పైకెళ్లి, ఆ మీటరును వాళ్లచేతే తయారు చేయిస్తుంది.

తాబేలుతో మొదలు

పిల్లలు తెరమీద తామే కట్టి నేర్చుకోవాలన్న ఈ ఆలోచన వయసు అరవై ఏళ్లకు దగ్గరపడింది. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పుట్టిన సీమోర్ పాపర్ట్ గణిత శాస్త్రవేత్త. జెనీవాలో పిల్లల మనస్తత్వం చదివిన జాన్ పియాజే దగ్గర పనిచేసి అమెరికా వచ్చాడు. 1967లో వాలీ ఫోయర్‌జీగ్, సింథియా సాలమన్‌లతో కలిసి పిల్లల కోసం ‘లోగో’ అనే కంప్యూటర్ భాష తెచ్చాడు. అందులో ఒక తాబేలు. మొదట్లో నేలమీద తిరిగే నిజమైన యంత్రం, తర్వాత తెరమీది బొమ్మ. ముందుకు ఇన్ని అడుగులు, కుడికి ఇంత తిరుగు అని చెబితే వెళ్తూ గీత గీస్తుంది. చతురస్రం ఎలా గీయించాలో తోచకపోతే పిల్లలు తామే లేచి తాబేలులా నడిచి చూసుకునేవాళ్లు.

ఫ్రెంచి రావాలంటే ఫ్రాన్స్‌లో పెరగాలి, లెక్కలు రావాలంటే లెక్కల దేశం ఒకటి ఉండాలి అన్నది పాపర్ట్ వాదన. మనకిది కొత్త కాదు. పాలమూరు నుంచి ముంబయికి పనికెళ్లిన కుటుంబాల పిల్లలకు మరాఠీ ఎవరు నేర్పారు? వీధి నేర్పింది.

ఆ తర్వాత వచ్చినవన్నీ ఆ తాబేలు పిల్లలే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ర్యాండీ పాష్ బృందం చేసిన ‘ఆలిస్’ త్రీడీ బొమ్మల్ని నడిపిస్తూ ప్రోగ్రామింగ్ నేర్పింది. 2007లో ఎంఐటీ నుంచి దిమ్మెల్ని అతికించి ప్రోగ్రాం రాసే ‘స్క్రాచ్’ వచ్చింది. 2003లో మొదలైన ‘సెకండ్ లైఫ్’ అయితే ఏకంగా ఒక ప్రపంచమే. అందులో ఏ వస్తువునైనా కట్టొచ్చు, కట్టినదానికి ప్రాణం పోసే ప్రోగ్రాం రాయొచ్చు. ఆ భాషలో దేనికైనా కొన్ని ‘స్థితులు’ ఉంటాయి. దీపానికి వెలిగిన స్థితి, ఆరిన స్థితి. ఎవరైనా తాకితే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతుంది. ఇంటి స్విచ్చు తెలిసినవాడికి ఇందులో అర్థం కానిదేముంది?

పోర్చుగల్‌లో మికైలా ఎస్టెవెస్, లియోనెల్ మోర్గాడో మరి ఇద్దరు అధ్యాపకులు కలిసి కాలేజీ విద్యార్థులకు సెకండ్ లైఫ్‌లోనే ప్రోగ్రామింగ్ పాఠాలు చెప్పి, ఆ అనుభవాన్ని 2011లో ఒక బ్రిటిష్ విద్యాపత్రికలో వివరంగా రాశారు. గురువు, శిష్యుడు ఇద్దరూ బొమ్మ మనుషులుగా అదే లోకంలో నిలబడి, రాసిన ప్రోగ్రాం ఏం చేస్తోందో అక్కడికక్కడే చూస్తారు. సెకండ్ లైఫ్ సందడి తర్వాత తగ్గిపోయింది. పద్ధతి మాత్రం నిలబడింది.

ఇప్పటి పిల్లలకు ఆ లోకం పేరు మైన్‌క్రాఫ్ట్. 30 కోట్ల కాపీలకు పైగా అమ్ముడుపోయిన ఆట. 2014లో దాన్ని 250 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్ కొన్నది. రెండేళ్లకు, 2016లో, బడుల కోసం ‘మైన్‌క్రాఫ్ట్ ఎడ్యుకేషన్’ వచ్చింది. మా పిల్ల చేతిలో ఉన్నది అదే.

> యూనిట్ అంటే ఎంత?
>
> 1000 వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే 1 యూనిట్. అదే ఒక్క యూనిట్‌తో:
>
> 2000 వాట్ల గీజరు: అరగంట
> 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాను: 13 గంటల 20 నిమిషాలు
> 30 వాట్ల కొత్తరకం (బీఎల్‌డీసీ) ఫ్యాను: 33 గంటలకు పైగా
> 60 వాట్ల పాత బల్బు: 16 గంటల 40 నిమిషాలు
> 9 వాట్ల ఎల్‌ఈడీ: 111 గంటలు
>
> మైన్‌క్రాఫ్ట్‌లో రోజు 20 నిమిషాలే. దాన్ని ఆట 24,000 చిన్న కాల భాగాలుగా లెక్కపెడుతుంది. అంటే ఆటలో గంటకు 1000 భాగాలు, మన గడియారంలో 50 సెకన్లు.

ఆడటం వేరు, ఇల్లు రాయడం వేరు

ఇంటి ఖర్చును ఆటగా మార్చినవాళ్లు ఇదివరకూ ఉన్నారు. విల్ రైట్ అనే ఆటల రూపకర్త ఇల్లు 1991లో కాలిఫోర్నియా ఓక్లండ్ కొండల్లో చెలరేగిన మంటల్లో కాలిపోయింది. ఒక్కో వస్తువూ మళ్లీ కొనుక్కుంటూ సంసారం మొదటి నుంచి పేర్చుకున్న అనుభవంలోంచి 2000లో ‘ద సిమ్స్’ పుట్టింది. అందులో ఇంటి ముందరి డబ్బాలోకి బిల్లులు వస్తాయి. కట్టకపోతే వచ్చి సామాను పట్టుకుపోతారు. ఐరోపా సమాఖ్య డబ్బుతో నడిచిన ‘ఎనర్‌గవేర్’ పథకం ఇంకో ఆట చేయించింది. బ్రిటన్‌లోని ప్లిమత్‌లో తక్కువ అద్దె ఇళ్లలో ఉండేవాళ్ల కోసం చేసిన ఆట అది. అందులో ఆడేది మనిషి కాదు, పిల్లి. ఇంట్లో కరెంటు వృథా కాకుండా చూసే బాధ్యత ఆ పిల్లిదే.

మంచి ప్రయత్నాలే. కానీ నా లెక్కలో అవి సగం దారిలో ఆగిపోయాయి. ఆ ఆటల్లో ఫ్యాను ఎంత తినాలో ముందే ఎవరో నిర్ణయించారు. పిల్లలు ఆ నియమాల మధ్య తిరుగుతారు, మార్కులు తెచ్చుకుంటారు, ఆట అయిపోతుంది. నియమం తామే రాసేటప్పుడు మాత్రం ప్రతిదీ అడిగి తెలుసుకోవాలి. మా పిల్ల కూలరు వెనక అంటించిన కాగితం చదవడానికి మంచం కింద దూరింది. మోటారు రోజుకు ఎంతసేపు నడుస్తుందో వాళ్ల నాన్ననడిగితే ‘ఓ పది నిమిషాలు’ అన్నాడు. గడియారం పెట్టి చూస్తే 20 నిమిషాలు. ఇలా ఇల్లంతా తిరిగి పోగుచేసిన అంకెలు నోటుపుస్తకంలో ఒక పేజీ నిండాయి.

> ఆ పేజీలో ఉన్నది (నెలకు యూనిట్లు)
>
> మూడు ఫ్యాన్లు, 75 వాట్లు, రోజుకు 12 గంటలు: 81
> కూలరు, 200 వాట్లు, 8 గంటలు: 48
> ఫ్రిజ్, రోజుకు సుమారు 1 యూనిట్: 30
> టీవీ, 100 వాట్లు, 4 గంటలు: 12
> ఆరు ఎల్‌ఈడీ బల్బులు, 9 వాట్లు, 5 గంటలు: 8.1
> నీళ్ల మోటారు, 750 వాట్లు, 20 నిమిషాలు: 7.5
> సెట్‌టాప్ బాక్స్, 10 వాట్లు, 24 గంటలు: 7.2
> ల్యాప్‌టాప్, 50 వాట్లు, 4 గంటలు: 6
> మొత్తం: 199.8

ఈ పట్టికను ఒకసారి తీరిగ్గా చూడండి. ఎవరూ చూడని వేళ కూడా పచ్చదీపంతో కూర్చునే సెట్‌టాప్ బాక్స్, ఇల్లంతా వెలిగే ఆరు బల్బులకు దాదాపు సమానంగా తింటోంది. ‘లైటార్పు, లైటార్పు’ అని పిల్లల వెంటపడే మనం ఆ పెట్టె వైపు ఎప్పుడైనా చూశామా? మూడు ఫ్యాన్లూ 30 వాట్లవైతే 81 కాస్తా 32.4 అవుతుంది. ఈ సంగతి ఆ పిల్ల ప్రోగ్రాంలో ఒక్క అంకె మార్చి కనుక్కుంది. ఏది మారిస్తే ఏమవుతుందో మార్చి చూడటమే ప్రోగ్రామింగ్‌లో అసలు సుఖం. నిజం ఇంట్లో అయితే ఫ్యాన్లు కొనడానికి వేలు కావాలి, ఫలితం తెలియడానికి నెల ఆగాలి.

ఫ్రిజ్ టకటక, నిద్రపోయిన మనిషి

ఫ్రిజ్‌కు రోజుకు ఒక యూనిట్ అని గంపగుత్తగా వేయడం ఆ పిల్లకు నచ్చలేదు. ఫ్రిజ్ కాసేపు గుర్రుమంటుంది, కాసేపు ఊరుకుంటుంది కదా, అలాగే చేస్తానంది. ‘లోపల 5 డిగ్రీలు దాటితే మోటారు ఆన్, 5 లోపుంటే ఆఫ్’ అని రాసింది. నడిపిస్తే ఫ్రిజ్ పిచ్చెత్తినట్టు క్షణానికోసారి ఆన్ అయి ఆఫ్ అయింది. నిజం ఫ్రిజ్ అలా కొట్టుకుంటే నాలుగు రోజుల్లో మెకానిక్‌ను పిలవాలి. మరి మన వంటింట్లోది ఎందుకలా చేయదు? రాత్రి భోజనాల దాకా అదే ఆలోచన. ఆన్ కావడానికి ఒక హద్దు, ఆఫ్ కావడానికి ఇంకో హద్దు ఉండాలని తనంతట తనకే తట్టింది. 6 దాటితే ఆన్, 3కి దిగితే ఆఫ్. ఇంజినీరింగ్ పుస్తకాల్లో దీనికి బరువైన పేరుంది. ఆ పేరు ఆమెకు ఇప్పుడు అక్కర్లేదు.

ఇంకో తప్పు నన్ను ఎక్కువ కదిలించింది. గదిలో కదలిక లేకపోతే ఫ్యాను ఆపేయాలని ఒక నియమం పెట్టింది. పొదుపు అంటే అదే కదా. ప్రోగ్రాం చక్కగా పనిచేసింది. అర్ధరాత్రి మంచంమీద పడుకున్న బొమ్మ మనిషి నెత్తిమీది ఫ్యాను ఆగిపోయింది. నిద్రపోయేవాళ్లు కదలరు. ఆ పిల్ల తెరవైపు కాసేపు చూసి, “అమ్మమ్మకు ఉక్కపోస్తుంది” అంది. నియమం మార్చేసింది: మంచంమీద మనిషి ఉంటే ఫ్యాను ఆగకూడదు. దానివల్ల పెరిగిన యూనిట్లు పెరగనీ అంది.

పొదుపు పాఠాలు చెప్పే పెద్దలు ఈ చోట జాగ్రత్తగా ఉండాలి. మే నెలలో రేకుల ఇంట్లో ఉండే ముసలివాళ్లకు ఫ్యాను వృథా ఖర్చు కాదు. తరగతిలో ఏసీ ఇల్లున్న పిల్ల, ఒక్క బల్బు ఇల్లున్న పిల్ల పక్కపక్కన కూర్చుంటారు. ఎవరి బిల్లు ఎంతని బోర్డుమీద రాయిస్తే ఒకరు సిగ్గుపడతారు, ఇంకొకరు గొప్పపడతారు. తరగతి మొత్తానికి ఒకే ఊహా ఇల్లు ఇచ్చి మొదలుపెడితే ఆ ఇబ్బంది ఉండదు.

ల్యాబ్ తాళం తీస్తే చాలు

ఆరో తరగతి స్థాయి నుంచే పిల్లలకు కోడింగ్ పరిచయం చేయాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. ఆ మాట పట్టుకుని వేలకు వేలు ఫీజులు వసూలు చేసే ఆన్‌లైన్ క్లాసులు ఎన్నో వచ్చాయి. కొందరు తల్లిదండ్రులు అప్పుచేసి కట్టారు. నిజానికి ఈ పనికి తలకు తొడుక్కునే కళ్లజోళ్లు వద్దు, ఖరీదైన కంప్యూటర్లూ వద్దు. మైన్‌క్రాఫ్ట్‌కు లైసెన్సు కావాలి. కానీ ‘లుయాంటి’కి పైసా అక్కర్లేదు. 2010లో ఫిన్లండ్ కుర్రాడొకడు ‘మైన్‌టెస్ట్’ పేరుతో మొదలుపెట్టగా 2024లో పేరు మారింది. దిమ్మెల లోకమే, ఎవరైనా మార్చుకోవచ్చు. ఒక్క పాత కంప్యూటర్‌లో సర్వర్ పెట్టి, ఇంటర్నెట్ లేకుండానే గదిలోని మిగతావాటిని దానికి కలపొచ్చు. బయటివాళ్లు ఎవరూ లోపలికి రాలేరు కాబట్టి తల్లిదండ్రులకు ఆ భయమూ ఉండదు. 2007లో మొదలైన, సెకండ్ లైఫ్ తరహా ‘ఓపెన్ సిమ్యులేటర్’ కూడా ఉచితమే.

ఎన్నో బడుల్లో కంప్యూటర్ల గదికి తాళం వేసి ఉంటుంది, పాడవుతాయన్న భయంతో. ఆ తాళం తీసే టీచరు ఒక్కరు కావాలి. కంప్యూటర్ టీచరే కానక్కర్లేదు. సైన్సు టీచరు వాట్లు చెబితే, లెక్కల టీచరు శ్లాబులు చెబితే సగం పాఠం అయిపోయినట్టే. మొదటి యూనిట్లకు ఒక ధర, తర్వాతి యూనిట్లకు ఇంకో ధర అనే శ్లాబు పద్ధతి కంటే ‘అయితే, లేకపోతే’ నేర్పడానికి మంచి ఉదాహరణ నాకు తెలియదు.

గంటల తరబడి తెర ముందు కూర్చోబెట్టడం నాకూ ఇష్టం లేదు. తెరలు తినే కరెంటూ తక్కువేం కాదు. ప్రపంచంలోని డేటా సెంటర్లు 2024లో సుమారు 415 టెరావాట్ గంటల కరెంటు వాడాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కకట్టింది. అంటే 41,500 కోట్ల యూనిట్లు. అందుకే ఏ పిల్ల ఇల్లు కట్టినా ఆ ఇంట్లో కంప్యూటర్ కూడా ఉండాలంటాను. వారానికి రెండు గంటలు తెర, మిగతాదంతా నోటుపుస్తకం, ఇంట్లో తిరగడం. అలా అయితేనే ఇది చదువు.

మీటరు దగ్గర

సెలవులు అయిపోయే ముందు రోజు సాయంత్రం మేమిద్దరం నిజం మీటరు ముందు నిలబడ్డాం. దానిమీద చిన్న ఎర్రదీపం ఉంటుంది. ఆ ఇంటి మీటరుపై 3200 అని రాసి ఉంది. ఆ దీపం 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అని అర్థం. ఒక్క 75 వాట్ల ఫ్యానే నడుస్తుంటే 15 సెకన్లకోసారి మెరవాలి. ఆ పిల్ల ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపించి వచ్చింది. దీపం ఆగాలి. ఆగలేదు. 45 సెకన్లకోసారి మెరుస్తూనే ఉంది. లెక్కేస్తే 25 వాట్లు, నెలకు 18 యూనిట్లు. సెట్‌టాప్ బాక్స్ సంగతి తనకు ముందే తెలుసు. మిగతాది ఎక్కడ? ఒక్కో ప్లగ్గూ పీకుతూ వెళ్తే వైఫై పెట్టె దొరికింది, మూలనున్న ఇన్వర్టరు దొరికింది. రెండూ ఆమె కట్టిన ఇంట్లో లేవు. లోపలికి పరిగెత్తి వంటింటి పక్కన రెండు కొత్త దిమ్మెలు పెట్టింది.

ఈ ఆదివారం సాయంత్రం మీరూ పిల్లల్ని మీటరు దగ్గరికి తీసుకెళ్లండి. ముట్టుకోనివ్వొద్దు, దూరం నుంచి చూస్తే చాలు. ఇంట్లో అన్నీ ఆపేసి, ఎర్రదీపం రెండు మెరుపుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో వాళ్లచేత రాయించండి.